బట్టతల మందు: అడగడానికి సిగ్గెందుకు?



షుగరు, బి.పి., రక్తహీనత వంటి విషయాలను ఈ పేజీలలో తరచుగా చదువుతుంటారు. ఈసారి చాలామంది మగవారి మనసులో ఉండి, నోటి వెంట రాని ఒక సంగతి వ్రాయాలనుకున్నాము. అది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల, దానికి వాడే మందులు.

జ్వరానికో, కడుపునొప్పికో వచ్చిన అబ్బాయి మందుల చీటీ తీసుకుని వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగుతాడు. చుట్టూ చూసి, "సిస్టర్, జుట్టుకి ఏదో బిళ్ళ ఉందట కదా, వాడొచ్చా?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. ఇంతలో వెనక ఎవరైనా వస్తే ఆ మాట అక్కడే మింగేస్తాడు. అలా అడిగేవారు నయం. అడగకుండా మెడికల్ షాపులో కొనుక్కుని, బీరువాలో బట్టల కింద దాచుకుని వాడేవారి గురించే మా బెంగ.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. బట్టతలకు మందు వాడటం తప్పు కాదు. వాడకపోవడమూ తప్పు కాదు. డాక్టరుకు, భార్యకు, ఇంట్లోవారికి తెలియకుండా వాడటం మాత్రం మంచిది కాదు. ఈ మందులతో రాగల కొన్ని చిక్కులు దాపరికం వల్లనే పెద్దవవుతాయి. ఎలాగో వివరిస్తాము.

సిగ్గు ఎక్కడి నుంచి వచ్చింది?

మన సినిమాలలో బట్టతల అంటే నవ్వులాట. పెళ్ళిచూపులలో అబ్బాయి చదువు, ఉద్యోగం, గుణం అన్నీ బాగున్నా, "జుట్టు పలచగా ఉందండీ" అని సంబంధం వెనక్కి పంపేవారు ఉన్నారు. ఇంట్లో పెద్దవారు కూడా, "అప్పుడే తాతలా అయిపోయావేంటిరా" అని పదిమందిలో అనేస్తారు. అనేవారికి అది సరదా. వినేవాడికి రాత్రి నిద్ర పట్టదు.

బైబిలు ఈ విషయంలో మనకంటే పెద్దమనసుతో ఉంది. లేవీయకాండము 13వ అధ్యాయంలో చర్మవ్యాధుల గురించి ఎంతో కఠినమైన నియమాలున్నాయి. అయినా తల వెంట్రుకలు ఊడినంత మాత్రాన మనిషిని అపవిత్రుడిగా ఎంచకూడదని అక్కడే ఉంది. ఎలీషా ప్రవక్తను కుర్రవాళ్ళు బట్టతల చూసి ఎగతాళి చేసిన సంగతి రెండవ రాజుల గ్రంథంలో చదువుతాము. ఆ ఎగతాళి అక్కడ చిన్న విషయంగా వదిలివేయబడలేదు. జుట్టు పోయినందువల్ల ఎలీషా పరిచర్యకు లోటూ రాలేదు.

కాబట్టి ఇది అవమానం కాదు, గోప్యంగా ఉంచవలసిన జబ్బు అంతకన్నా కాదు. బి.పి. గురించి ఎలా అడుగుతారో దీని గురించీ అలాగే అడగవచ్చు.

అన్ని జుట్టు రాలడాలూ ఒకటి కావు

ఆరోగ్యవంతుడికి కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. దువ్వెనలో నాలుగు కనబడగానే కంగారు పడనవసరం లేదు.

టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి జ్వరాల తర్వాత గానీ, పెద్ద ఆపరేషన్ తర్వాత గానీ రెండు మూడు నెలలకు తల మొత్తం మీద జుట్టు గుప్పెళ్ళుగా ఊడుతుంది. సాధారణంగా కొన్ని నెలలలో అది దానంతట అదే తిరిగి వస్తుంది. రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడిపోతే దానిని మనం పేనుకొరుకుడు అంటాము. అది పేను కొరికినందువల్ల రాదు. శరీరంలోని రక్షణ శక్తి పొరపాటున జుట్టు కుదుళ్ళ మీదికి తిరగబడటం వల్ల వస్తుంది. దాని చికిత్స వేరు. పిల్లలలో పొట్టు రాలుతూ, దురదతో జుట్టు ఊడితే తామర కావచ్చు. థైరాయిడ్ తేడా వల్ల, ఇనుము లోపం వల్ల కూడా జుట్టు రాలుతుంది.

వంశపారంపర్యపు బట్టతల తీరు వేరు. ముందు కణతల దగ్గర జుట్టు వెనక్కి జరుగుతుంది. తర్వాత నడినెత్తి పలచబడుతుంది. చెవుల పైన, మెడ వెనక మాత్రం జుట్టు నిలుస్తుంది. ఇది నెలలలో కాదు, ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరుగుతుంది. వెంట్రుక ముందు సన్నబడి, పొట్టిబడి, చివరికి నూగులా మారుతుంది.

మెడికల్ షాపు వారు తల చూసి ఈ తేడా చెప్పలేరు. డాక్టరు దగ్గరికి ముందుగా రావాలనడానికి ఇది మొదటి కారణం. థైరాయిడ్ ఉన్నవాడు ఏడాది పాటు బట్టతల మందు వాడితే డబ్బు పోతుంది, అసలు జబ్బు మిగిలిపోతుంది.

కారణం ఎలా తెలిసింది?

ఇది నీళ్ళ వల్ల, హెల్మెట్ వల్ల, షాంపూ వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు. బోరు నీళ్ళకు జుట్టు గరుకుగా కావచ్చు గానీ వంశపారంపర్యపు బట్టతల రాదు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ అపోహే. కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి పైపైనే నడుస్తుంది. "మేనమామకు బట్టతల ఉంటే మేనల్లుడికి తప్పదు" అన్న మాటలో సగమే నిజం. తల్లి వైపు నుంచి వచ్చే ఒక జన్యువుకు ఇందులో పెద్ద పాత్ర ఉంది. తండ్రి వైపు నుంచి వచ్చేవి కూడా ఎన్నో ఉన్నాయి.

1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక సంగతి ప్రకటించారు. యుక్తవయసుకు ముందే వృషణాలు పోగొట్టుకున్న మగవారికి బట్టతల రావడం లేదు. వారికి మగ హార్మోను ఇస్తే, వంశంలో బట్టతల ఉన్నవారికి జుట్టు రాలడం మొదలైంది. అంటే వంశం ఒక్కటే చాలదు, హార్మోను ఒక్కటే చాలదు, రెండూ కలవాలి.

1974లో జూలియాన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ అనే వైద్యురాలు, ఆమె తోటివారు డొమినికన్ రిపబ్లిక్ దేశంలోని కొన్ని కుటుంబాల గురించి వ్రాశారు. ఆ కుటుంబాలలో కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే ఒక ఎంజైమ్ లోపం ఉంది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోనును మరింత చురుకైన డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మార్చేది ఆ ఎంజైమే. అది లేనందువల్ల ఆ పిల్లలు పుట్టినప్పుడు జననాంగాలు ఆడపిల్లలవలె కనిపించేవి. పెద్దయ్యాక వారి ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగా ఉండేది, బట్టతల కూడా రాలేదు.

ఈ సంగతి గుర్తుంచుకోండి. మందు పనిచేసే తీరు, దాని ప్రమాదం రెండూ ఇందులోనే ఉన్నాయి.

ప్రధానంగా రెండు మందులు

మొదటిది ఫినాస్టెరైడ్ మాత్ర. పైన చెప్పిన ఎంజైమ్‌ను ఇది అడ్డుకుంటుంది. అమెరికాలో 1992లో 5 మిల్లీగ్రాముల మాత్రను ప్రోస్టేట్ వాపుకు, 1997లో 1 మిల్లీగ్రాము మాత్రను మగవారి బట్టతలకు అనుమతించారు. రెండేళ్ళు సాగిన పరిశోధనలలో ఈ మాత్ర వాడినవారిలో 83 శాతం మందికి నడినెత్తిన జుట్టు తగ్గకుండా నిలిచింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 28 శాతం మందికే నిలిచింది. అంటే మందు పనిచేస్తుంది. అయితే దాని ముఖ్యమైన పని ఉన్నదానిని నిలపడం. నున్నగా అయిపోయిన చోట అడవిలా మొలిపించడం కాదు.

రెండవది మినాక్సిడిల్. ఇది మొదట బి.పి. మాత్ర. అమెరికాలో 1979లో తీవ్రమైన రక్తపోటుకు అనుమతి పొందింది. మింగినవారికి ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు పెరగడం చూసి, దానిని తలకు రాసే మందుగా మార్చారు. 1988లో ఆ లోషన్‌కు అనుమతి వచ్చింది. వాడిన మొదటి వారాలలో జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. భయపడి మానేసేవారు అక్కడే మానేస్తారు. అది పాత వెంట్రుక ఊడి కొత్తదానికి చోటివ్వడం. కనీసం నాలుగు నెలలు ఆగితే గానీ ఫలితం తెలియదు.

కొందరు డాక్టర్లు మినాక్సిడిల్‌ను తక్కువ మోతాదులో మాత్రగా కూడా ఇస్తున్నారు. అది బి.పి. మీద, గుండె మీద పనిచేసే మందు గనుక డాక్టరు చూడకుండా ఎంతమాత్రం మింగరాదు. డ్యూటాస్టెరైడ్ అనే మరొక మందు ఫినాస్టెరైడ్ కంటే బలమైనది. దానిని బట్టతలకు దక్షిణ కొరియా 2009లో, జపాన్ 2015లో అనుమతించాయి. ఆపిన తర్వాత కూడా అది నెలల తరబడి ఒంట్లో ఉంటుంది.

అడిగే ప్రశ్నలు, మా జవాబులు

"ఎంతకాలం వాడాలి?" జుట్టు కావాలనుకున్నంత కాలం. ఫినాస్టెరైడ్ ఆపితే వచ్చిన లాభం ఏడాది లోపు పోతుంది. మినాక్సిడిల్ ఆపితే కొన్ని నెలలలోనే పోతుంది.

"పెళ్ళి కుదిరేవరకు వాడి మానేస్తాను, సరేనా?" ఈ ప్రశ్న మాకు బాధ కలిగిస్తుంది. పెళ్ళి ఫోటోలో ఉన్న జుట్టు మొదటి పెళ్ళిరోజుకు ఉండకపోతే ఆ అమ్మాయికి ఏం చెబుతారు? నాయనలారా, జుట్టు చూసి ఒప్పుకునే సంబంధం కంటే మిమ్మల్ని చూసి ఒప్పుకునే సంబంధం మేలు.

"మగతనం పోతుందట, నిజమా?" సూటిగా చెబుతాము. పరిశోధనలలో 1 మిల్లీగ్రాము మాత్ర వాడినవారిలో 3.8 శాతం మందికి కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం, వీర్యం తగ్గడం వంటి వాటిలో ఏదో ఒకటి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.1 శాతం మందికి వచ్చింది. ఎక్కువమందికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది వచ్చినవారిలో చాలామందికి మందు ఆపాక తగ్గింది. అయితే ఆపిన తర్వాత కూడా కొందరికి కొనసాగినట్టు ఫిర్యాదులు వచ్చాయి. 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ఆ మాటను మందు వివరాల పత్రంలో చేర్పించింది. అరుదైనా, తెలిసి నిర్ణయించుకోవలసిన విషయం ఇది.

"పిల్లలు పుట్టరా?" ఈ మందు వాడేవారు తండ్రులవుతూనే ఉన్నారు. కొందరిలో వీర్యకణాల నాణ్యత తగ్గి, మందు ఆపాక తిరిగి మెరుగుపడినట్టు నమోదయింది. సంతానం కోసం పరీక్షలు చేయించుకునే భర్త ఈ మాత్ర సంగతి దాస్తే, కారణం తెలియక దంపతులు ఊరూరా తిరగవలసి వస్తుంది. ఆ భారం చివరికి భార్య మీదే పడుతుంది. మన సమాజంలో గొడ్రాలు అనే మాట ఆడదాన్నే అంటారు కదా.

"బయోటిన్ బిళ్ళలు వాడవచ్చా?" ఆ విటమిన్ లోపం లేనివారికి వాటివల్ల బట్టతల తగ్గుతుందనడానికి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్త పరీక్షలను తారుమారు చేస్తుంది. థైరాయిడ్ పరీక్ష తప్పుగా రావచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. 2017లో ఎఫ్.డి.ఎ. దీని గురించి హెచ్చరించింది. ఛాతీ నొప్పితో వచ్చినవారు "జుట్టు విటమిన్లే కదా" అని చెప్పకుండా ఊరుకోరాదు.

ఇంట్లోవారికి తెలియకపోతే ఏమవుతుంది?

మా అసలు ఆందోళన ఇక్కడ ఉంది.

డొమినికన్ రిపబ్లిక్ పిల్లల సంగతి గుర్తుంది కదా. గర్భంలో ఉన్న మగశిశువు జననాంగాలు సరిగా ఏర్పడాలంటే డైహైడ్రోటెస్టోస్టిరాన్ కావాలి. అందుకే గర్భవతి గానీ, గర్భం దాల్చే అవకాశం ఉన్న స్త్రీ గానీ విరిగిన, నలిగిన ఫినాస్టెరైడ్ మాత్రను ముట్టుకోరాదు. పైన పూత ఉన్న పూర్తి మాత్రను ముట్టుకుంటే భయం లేదు. కానీ ఖర్చు కలిసివస్తుందని 5 మిల్లీగ్రాముల మాత్ర కొని, బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి వాడేవారున్నారు. ఆ పొడి బల్ల మీద, చీర కొంగు మీద పడుతుంది. బల్ల తుడిచేది ఎవరు? భార్యే. భర్త దాచిన సంగతి ఆమెకు ఎలా తెలుస్తుంది? భర్త వీర్యం ద్వారా ఆమెకు చేరే మందు అత్యల్పం. అయినా బిడ్డ కోసం చూస్తున్న దంపతులు ఈ విషయం డాక్టరుతో ఒకసారి కలిసి మాట్లాడుకోవాలి.

లోషన్ల సంగతి కూడా అంతే. తలకు మినాక్సిడిల్ రాసుకుని, ఆరకముందే చంటిబిడ్డను ఎత్తుకుని తలకు ఆనించుకుంటే, ఆ మందు బిడ్డ చర్మానికి అంటుతుంది. ఇలా కొందరు శిశువుల ఒంటి మీద అసాధారణంగా వెంట్రుకలు పెరిగాయని తేలి, 2024లో ఐరోపా మందుల సంస్థ హెచ్చరిక చేర్చమంది. తండ్రి వాడకం ఆపాక ఆ వెంట్రుకలు తగ్గాయి. కానీ కారణం తెలియని తల్లి ఎంత ఏడ్చి ఉంటుందో ఆలోచించండి. లోషన్ రాసుకున్నాక చేతులు సబ్బుతో కడగండి, తల పూర్తిగా ఆరాకే పడుకోండి, సీసా పిల్లలకు అందకుండా పైన పెట్టండి. పిల్లిని పెంచే ఇంట్లో ఇంకా జాగ్రత్త, ఈ మందు పిల్లులకు ప్రాణాంతకం. ఫినాస్టెరైడ్ కలిపిన లోషన్లు కూడా దొరుకుతున్నాయి. తలకు రాసినా ఆ మందు రక్తంలోకి చేరవచ్చని, ఇంట్లోవారికి అంటవచ్చని 2025 ఏప్రిల్‌లో ఎఫ్.డి.ఎ. హెచ్చరించింది.

యాభై దాటినవారికి ఇంకొక మాట. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉంటే పి.ఎస్.ఏ. అనే రక్త పరీక్ష చేస్తారు. ఫినాస్టెరైడ్ వాడేవారిలో, 1 మిల్లీగ్రాము మోతాదులో కూడా, ఆ అంకె దాదాపు సగానికి తగ్గుతుంది. డాక్టరుకు తెలిస్తే దానిని లెక్కలోకి తీసుకుంటారు. తెలియకపోతే మామూలుగానే ఉందనుకుని పంపించివేస్తారు. జుట్టు కోసం దాచిన ఒక్క మాట ప్రాణం మీదికి తేగలదు.

గుడ్ ఫ్రైడేకో, సంఘ వార్షికోత్సవానికో రక్తదానం చేసే యౌవనస్థులు కూడా గమనించాలి. ఫినాస్టెరైడ్ చివరి మాత్ర వేసుకున్నాక ఒక నెల, డ్యూటాస్టెరైడ్ అయితే ఆరు నెలలు రక్తం ఇవ్వరాదు. ఆ రక్తం ఒక గర్భవతికి ఎక్కవచ్చు. ఫారంలో "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగిన చోట స్నేహితులు చూస్తున్నారని "లేదు" అని వ్రాయకండి. పక్కకు పిలిచి సిస్టర్‌తో చెప్పండి చాలు.

మనసు సంగతి

జుట్టు రాలే యువకుడు ముందే దిగులుతో ఉంటాడు. ఫినాస్టెరైడ్ వాడే కొందరిలో దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కనిపించాయన్న ఫిర్యాదుల మీద 2022లో అమెరికాలో మందు వివరాలలో హెచ్చరిక చేర్చారు. 2025 మే నెలలో ఐరోపా మందుల సంస్థ కూడా పరిశీలించి, ఆత్మహత్య ఆలోచనలను ఈ మాత్రల దుష్ఫలితంగా నిర్ధారించింది. ఎంత తరచుగా వస్తుందో లెక్క తేలలేదు గానీ, వస్తే దాచరానిది.

ఇలాంటప్పుడు ఇంట్లోవారి కళ్ళే మందు కంటే మేలు చేస్తాయి. కొడుకు గదిలోనుంచి బయటికి రావడం లేదు, భోజనం తగ్గింది, ఆరాధనకు రావడం మానేశాడు అంటే తల్లి గమనిస్తుంది. కానీ అతడు మాత్ర వాడుతున్నాడని ఆమెకు తెలిస్తేనే రెండూ కలిపి చూడగలదు. మాత్ర వాడుతూ మనసు కుంగితే, 1 మిల్లీగ్రాము మాత్రను వెంటనే ఆపి డాక్టరును కలవండి. రాత్రివేళ అయినా ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. రొమ్ములో గడ్డ, నొప్పి, వాపు వచ్చినా అలాగే వెంటనే చూపించుకోండి. మగవారికి అది సిగ్గు విషయం కాదు.

చెబితే భయపడరా?

"ఇవన్నీ చెబితే భయంతోనే సగం జబ్బు వస్తుంది కదా" అని కొందరు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2007లో ఇటలీలో ప్రోస్టేట్ రోగుల మీద ఒక పరిశోధన జరిగింది. ఫినాస్టెరైడ్ వల్ల లైంగిక ఇబ్బందులు రావచ్చని ముందే చెప్పినవారిలో దాదాపు 44 శాతం మంది ఆ ఇబ్బందులు చెప్పారు. చెప్పనివారిలో సుమారు 15 శాతం మందే చెప్పారు. మందు ఒకటే, మోతాదు ఒకటే.

అయినా చెప్పాలనే మేము అంటాము. చెప్పకపోతే ఇబ్బంది వచ్చిన రోజున అతడు "ఇది నా ఒక్కడికే వచ్చిన శాపం" అనుకుంటాడు, ఎవరినీ అడగడు. చెబితే "ఇది మందు వల్ల కావచ్చు, ఆపి చూద్దాం" అనుకుంటాడు. అయితే చెప్పే తీరు ముఖ్యం. ఎక్కువమందికి ఏమీ కాదన్న మాట, కొద్దిమందికి అవుతుందన్న మాట, రెండూ ఒకే నోటితో ఒకే నిదానంతో చెప్పాలి. ఫోన్‌లో చూసే వీడియోలు ఒక దానినే పెద్దది చేసి చూపిస్తాయి. ఎదురుగా కూర్చున్న డాక్టరు రెండూ చెప్పగలరు.

ప్రకటనలను నమ్మకండి

మన దేశపు డ్రగ్స్ నియమావళిలో షెడ్యూల్ జె అనే జాబితా ఉంది. ఫలానా జబ్బులను నయం చేస్తామని ఏ మందుకూ చెప్పుకోరాదని అందులో ఉన్న పేర్లలో బట్టతల ఒకటి. "మూడు నెలలలో గ్యారంటీ" అని చెప్పే ఏ నూనె అయినా, పొడి అయినా ఆ మాట దగ్గరే అనుమానించండి. కొబ్బరినూనె, మందారాకు జుట్టుకు మెరుపు ఇస్తాయి. అమ్మమ్మ చేత్తో నెత్తిన పెట్టించుకుంటే హాయిగా నిద్ర పడుతుంది. వంశపారంపర్యపు బట్టతలను మాత్రం ఆపలేవు.

వద్దనుకోవడమూ ఒక నిర్ణయమే

ఇవన్నీ విని, "నాకు మందు అక్కరలేదు, ఉన్న జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటాను" అనేవారు ఉంటారు. వారిని "కాలానికి వెనకబడ్డవారు" అనకండి. బట్టతల వల్ల శరీరానికి ప్రత్యేకమైన నొప్పి లేదు. నెత్తికి ఎండ తగలకుండా తలపాగానో టోపీనో పెట్టుకుంటే చాలు. అలాగే, డాక్టరుతో మాట్లాడి, భార్యకు చెప్పి మందు వాడే వారిని "అందం పిచ్చి" అనీ అనకండి. పళ్ళు కట్టించుకుంటే తప్పు పట్టము కదా.

సంఘ కుటుంబాలకు మా మనవి

తల్లిదండ్రులారా, మీ అబ్బాయి జుట్టు గురించి పదిమందిలో హాస్యమాడకండి. సంబంధాలు చూసే పెద్దలారా, అబ్బాయికి ఏ దురలవాటూ లేదా, కోపం ఎలా ఉంటుంది, ఆడవారిని గౌరవిస్తాడా అని అడగండి. జుట్టు గురించి అడగడం చివరికి వదిలేయండి. భార్యలారా, భర్త ఈ విషయం చెప్పినప్పుడు నవ్వకండి. ఆ మాట నోటికి రావడానికి అతడికి ఎన్ని రోజులు పట్టిందో మీకు తెలియదు.

మందు వాడుతున్న తమ్ముళ్ళకు, అన్నలకు మేము చెప్పేది మూడు మాటలే. మాత్ర పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ ఒక కాగితం మీద వ్రాసి కేస్ షీటుతో పాటు ఉంచండి. ఇంట్లో కనీసం ఒక్కరికి చెప్పండి, పెళ్ళయినవారైతే ఆ ఒక్కరు మీ భార్య కావాలి. ఏ ఆసుపత్రికి ఏ జబ్బు మీద వెళ్ళినా "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగినప్పుడు జుట్టు మందును కూడా లెక్కలో చెప్పండి.

సిస్టర్లు ఆడవారు గదా, ఎలా అడగాలి అని వెనకాడేవారు మగ నర్సుతో మాట్లాడతామని చెప్పవచ్చు, నేరుగా డాక్టరు గారితోనే మాట్లాడతామనీ చెప్పవచ్చు. అదీ కుదరకపోతే "జుట్టు మందు గురించి" అని చీటీ మీద వ్రాసి ఓ.పి.లో ఇవ్వండి. చెప్పినది చెప్పినచోటే ఉంటుంది.

మన తల మీది వెంట్రుకల లెక్క దేవునికి తెలుసునని చిన్నప్పటి నుంచి సండే స్కూలులో నేర్చుకున్నాము. ఆ లెక్క తగ్గినంత మాత్రాన మన విలువ తగ్గదు. మీరు వాడే మందుల లెక్క మాత్రం మీ డాక్టరుకు కూడా తెలియనివ్వండి.

ప్రభువు మీ కుటుంబాలను ఆరోగ్యంతో దీవించునుగాక.